నైట్ డ్యూటీ – చంటిబిడ్డ

కె.కోటపాడు నుంచి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి నైట్ డ్యూటీకి వెళ్ళే నర్సు చంటిబిడ్డను ఎవరికి అప్పగించాలి? "ఉద్యోగం మానెయ్యి" అనేస్తారు కొందరు. అది తొందరపాటు. హిజ్రీ 5లో కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) మస్జిదె నబవీలో హజ్రత్ రుఫైదా (రజి) గుడారంలో ఉంచారు. స్త్రీ వైద్యసేవకు ఇంతకన్నా ఆమోదం ఏం కావాలి?

అయితే బిడ్డకూ హక్కుంది. పూర్తికాలం పాలివ్వదలిస్తే రెండేళ్ళని దివ్యఖుర్ఆన్ (2:233) చెప్పింది. ముందే మాన్పించాలంటే తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకొని, పరస్పర అంగీకారంతో చేయాలి. గమనించండి, ఇద్దరూ! అత్తగారి తీర్పు కాదు. ప్రసూతి సెలవు 2017 సవరణతో 26 వారాలకు పెరిగింది. తర్వాతి రాత్రుల మాటేమిటి?

దైవప్రవక్త (స) ఇంటిపనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. సోదరులారా, ఆ రాత్రి బిడ్డను నిద్రపుచ్చేది మీరే. తెల్లవారి ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే టిఫిన్ ఏదని అడక్కండి. ముందు ఆమెను నిద్రపోనివ్వండి.