ఆటలో అరటిపండు ఉండరాదు

ఆటలు కాలక్షేపానికని, ఏకాగ్రత చదువుకని మనలో చాలామంది అభిప్రాయం. మనసు నిలుపుటను, నలుగురితో కలిసి పనిచేయుటను ఆటతోనే అలవాటు చేయవచ్చునని నా వాదన. అయితే ఏ ఆట పడితే ఆ ఆట పనికిరాదు సుమా!

తాడులాగే ఆటనే చూడండి. అందరూ కలిసి లాగుతారు కనుక ఐకమత్యానికి గుర్తని ఉపన్యాసాల్లో చెబుతారు. కాని రింగెల్మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు 1913లో ప్రకటించిన ఫలితాలు వేరే మాట చెబుతున్నాయి. ఒంటరిగా లాగే మనిషి బలం 100 అనుకుంటే, ఇద్దరైతే తలకు 93, ఎనిమిది మందైతే తలకు 49 మాత్రమే! అంటే ఎనిమిది మంది కలిసినా నలుగురి బలం రాలేదు. లాగుడు ఒక్క క్షణాన కుదరకపోవుట ఒక కారణం. రెండవది 1974లో అమెరికాలో ఇంగ్‌హామ్ బృందం తేల్చింది. కళ్ళకు గంతలు కట్టి, వెనుక ఇంకా మనుషులున్నారని నమ్మిస్తే చాలు, ఒంటరిగా లాగుతున్నవాడు కూడా పట్టు సడలించాడు.

మన ప్రయోగశాలలో జరిగేదీ ఇదే కదా. ఒక మీటరు బ్రిడ్జి చుట్టూ ఐదుగురం. జాకీ జరిపేది ఒకరు, గాల్వనామీటరు చూసేది ఒకరు, మిగతా ముగ్గురు రీడింగులు ఎక్కించుకునే ఆటలో అరటిపండ్లు!

మా దిక్కు వేరుశనగ చేన్లో కలుపుకు పోతే మనిషికొక మునుం ఉంటది. ఎవరు వెనుకబడ్డా చేనంతా కనిపిస్తది. పక్క మునుం ఆమె రెండు చేతులు అటు వేసి అందుకుంటది. ఇట్లాంటి ఏర్పాటున్న ఆటలే మనకు కావాలె.

ఖో-ఖో అట్లాంటిది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో మూడు జిల్లాలైనా ఈ ఆటకు మాత్రం ఎల్లలు లేవు. ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి కూర్చుంటారు. తరిమేవాడు మధ్యగీత దాటరాదు, కనుక కూర్చున్నవాడి సాయం లేనిదే గతి లేదు. ఖో వినకముందే లేస్తే తప్పు, విన్నాక ఆలస్యం చేస్తే ఎదుటివాడు దొరకడు. కూర్చున్నవాడికే ఎక్కువ ఏకాగ్రత కావాలని నేనంటాను.

మైదానం లేనిచోట, సేవా పథకం శిబిరాల్లో బడిపిల్లలతో, ఇది ఆడించవచ్చు. పదిమందిని వలయంగా కూర్చోబెట్టి వరుసగా అంకెలు చెప్పించాలి. ఏడు వచ్చినా, ఏడుతో భాగింపబడేది వచ్చినా నోరు మూసుకొని చప్పట్లు కొట్టాలి. 30 లోపు ఇవి ఆరే: 7, 14, 17, 21, 27, 28. ఇది కుదిరాక కళ్ళు మూయించి, వరుస లేకుండా ఎవరైనా తర్వాతి అంకె చెప్పవచ్చుననాలి. ఇద్దరి గొంతులు ఒక్కసారి వినపడితే మళ్ళీ ఒకటి నుండి! మొదట గోలగోల అవుతుంది. పిల్లలు పక్కవాడి ఊపిరి వినడం మొదలుపెట్టాకే అంకెలు పైకి పోతాయి.

ఒక్క జాగ్రత్త. తప్పినవాడిని ఔట్ చేసి గోడకు కూర్చోబెట్టరాదు. సాధన ఎక్కువ కావలసింది వాడికే. వలయంలోనే ఉంచి తర్వాతి ఆటకు లెక్క చూసే పని ఇవ్వాలి.

ఈ ఆటలతో మార్కులు పెరుగుతాయని నేననను. ఒక ఆటలో వచ్చిన నేర్పు ఆ ఆటతోనే ఆగిపోవచ్చు కూడా. అందుకే ఆట నియమాన్నే పనిలోకి తేవాలి. మీటరు బ్రిడ్జి దగ్గర రీడింగుకొకరు చొప్పున జాకీ చేతులు మారాలి. చూసినవాడు అంకె పైకి చెప్పాలి, రాసేవాడు తిరిగి పలకాలి. పీరియడులో రెండు రీడింగులు తగ్గినా సరే.