పాలపిట్టకు పంజరమెందుకు? ఒట్టపిడారం పొలాల్లో పక్షి పరిశీలన

విజయదశమినాడు పాలపిట్టను చూడటం శుభమని తెలుగువారి నమ్మకం. పల్లె విడిచి పట్టణం చేరిన కుటుంబాలకు ఆ దర్శనం కష్టమైపోయింది. ఆ కోరికను ఆసరా చేసుకొని కొందరు పిట్టలను పట్టి, పంజరాల్లో ఉంచి, పండుగనాడు డబ్బుకు చూపుతుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. తూత్తుకుడి జిల్లాలో నివసించే తెలుగువారికి పంజరంతో పనే లేదు. ఒట్టపిడారం పరిసరాల్లో కరెంటు తీగల మీద, తాటిచెట్ల మీద ఆ పక్షి స్వేచ్ఛగా కనిపిస్తుంది. దానిని ఎలా చూడాలి, అది బతకడానికి ఏమి కావాలి అన్నవే ఈ పాఠంలోని విషయాలు.

నేల, చెట్టు, పేరు

ఒట్టపిడారం చుట్టూ ఉన్నది నల్లరేగడి నేల. తమిళంలో దీనిని కరిసల్ అంటారు. ఈశాన్య ఋతుపవనాల వానను నమ్ముకొని రైతులు ఇక్కడ మినుము, పెసర, పత్తి, జొన్న, సజ్జ, మొక్కజొన్న వేస్తారు. తెలుగు ఈ నేలకు కొత్త కాదు. సమీపంలోని పాంచాలంకురిచ్చిని ఏలిన కట్టబొమ్మనది తెలుగు మూలాలున్న పాలెగాళ్ల వంశం. నేటికీ ఈ ప్రాంతపు పల్లెల్లో ఇంట తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి.

అయితే పక్షి పేరు మాత్రం ఇక్కడ వేరు. పాలపిట్ట ఎక్కడుందని అడిగితే ఇరుగుపొరుగువారికి అర్థం కాకపోవచ్చు. పనంగాడై అంటే వెంటనే వేలెత్తి చూపుతారు. తమిళంలో పనై అంటే తాటిచెట్టు, కాడై అంటే పూరేడు పిట్ట. ఆ పేరులోనే దాని నివాసం తెలుస్తుంది. మోడువారిన తాటిచెట్ల తొర్రలలో పాలపిట్ట గుడ్లు పెడుతుంది. తాటి తమిళనాడు రాష్ట్ర వృక్షం. తాటిచెట్టు కొట్టాలంటే జిల్లా కలెక్టరు అనుమతి అవసరమని ప్రభుత్వం 2021లో ప్రకటించింది. ఎండిన మాను పనికిరానిదని నరికితే, ఒక పక్షి జంట గూడు పోయినట్లే.

చూసే పద్ధతి

కూర్చున్నప్పుడు పాలపిట్ట గోరింకకన్నా కొంచెం పెద్దగా, గోధుమరంగు రొమ్ముతో సాదాగా ఉంటుంది. కొత్తవారు దానిని గుర్తించక ముందుకు సాగిపోతారు. అది ఎగిరినప్పుడు రెక్కలలోని లేత, ముదురు నీలిరంగు పట్టీలు బయటపడతాయి. అందువలన తీగ మీద కదలక కూర్చున్న పిట్టను చూసినప్పుడు దూరంగానే ఆగి, అది ఎగిరేవరకు ఓపిక పట్టాలి. ఉదయపు వేళ ఇందుకు అనుకూలం. రాయి విసిరి ఎగురగొట్టరాదు. గూటి దగ్గరకు పోరాదు.

కాసేపు గమనిస్తే మరొక సంగతి తెలుస్తుంది. పక్షి చూపు ఎప్పుడూ నేలమీదనే ఉంటుంది. మిడత, కీచురాయి లేక పేడపురుగు కదలగానే కిందికి దూకి పట్టుకొని, తిరిగి ఎత్తైన చోటికి చేరుతుంది. పురుగులు లేని పొలంలో పాలపిట్ట నిలవదు. అవసరం చూడకుండా పొలమంతా మందు కొడితే పంటను తినే పురుగుతోపాటు, ఆ పురుగును తినే అక్షింతల పురుగు, తూనీగ, చివరకు పక్షి ఆహారం కూడా పోతాయి.

ఇంటి పెరట్లో

పొలానికి వెళ్లే వీలులేనివారు కరివేపాకు మొక్క దగ్గర పరిశీలన మొదలుపెట్టవచ్చు. దాని ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న గొంగళిపురుగు తరచుగా ఉంటుంది. పెరిగేకొద్దీ అది ఆకుపచ్చగా మారుతుంది. చాలామంది దానిని చూడగానే నలిపివేస్తారు. వదిలివేస్తే, ప్యూపాగా మారి సుమారు నెల తిరిగేసరికి నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుకగా ఎగిరిపోతుంది. కరివేపాకు కూడా నిమ్మ కుటుంబానికి చెందినదే. కొన్ని ఆకులు పోయినా, బాగా ఎదిగిన మొక్క మళ్లీ చిగురిస్తుంది. ఆ పురుగుల్లో కొన్ని పిట్టల నోటికి చేరుతాయి. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు పెట్టేది పురుగులనే.

అభ్యాసం

1. ఒకచోట 15 నిమిషాలు నిలిచి, కనిపించిన పక్షుల పేర్లు, సంఖ్య, తేదీ, సమయం నోటుపుస్తకంలో రాయాలి. ఏటా జనవరిలో పొంగల్ పండుగ రోజుల్లో తమిళనాడంతటా జరిగే పక్షుల లెక్కింపులో ఎవరైనా ఇదే పద్ధతిలో పాల్గొనవచ్చు.

2. ప్రతి పక్షికి ఇంటి పెద్దల నుంచి తెలుగు పేరు, ఇరుగుపొరుగువారి నుంచి తమిళ పేరు అడిగి పక్కపక్కన రాయాలి. పేరు తెలియనిచోట రంగు, ముక్కు, తోక గుర్తులు రాస్తే చాలు.

3. పెరట్లో పురుగు కనబడితే మందు చల్లేముందు మూడు రోజులు గమనించాలి. అది ఏమి తింటున్నది, దానిని ఏది తింటున్నది అన్నది రాసుకొని, ఆ తరువాతే మందు అవసరమా కాదా అని నిర్ణయించుకోవాలి.

4. రాబోయే విజయదశమికి పిల్లలను పొలాల వైపు తీసుకువెళ్లి, పాలపిట్టను అది కూర్చున్నచోటనే చూపించాలి. పంజరంలోని పిట్టకు డబ్బిస్తే వచ్చే ఏడు మరొక పిట్టను పట్టడానికి పెట్టుబడి ఇచ్చినట్లే. అటువంటి ప్రదర్శన కంటబడితే అటవీశాఖకు తెలియజేయాలి.