తలాఖ్, ఖులా, ఫస్ఖ్: మాటల వెనుక హక్కులు

భర్త విడిచిపెట్టినా, భార్య విడుదల కోరినా, కోర్టు తీర్పు చెప్పినా తెలుగులో మనం విడాకులు అనే అంటాం. షరీఅత్‌లో ఈ మూడింటికీ తలాఖ్, ఖులా, ఫస్ఖ్ అని వేర్వేరు పేర్లున్నాయి. పేరును బట్టి మహర్ ఎవరికి దక్కుతుందో కూడా మారుతుంది. సహాయం కోరి వచ్చే సోదరీమణుల కాగితాలు చూసే దాతలకు ఈ తేడా తెలిసి ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు తలాఖ్ సంగతి. భార్య శుద్ధిగా ఉన్న రోజుల్లో, కలయికకు ముందు, ఒక్కసారి తలాఖ్ చెప్పి ఇద్దత్ ముగిసేదాకా ఊరుకోవడం ఉత్తమ పద్ధతి. ఇద్దత్ అంటే మూడు నెలసరులు. గర్భవతికైతే ప్రసవం వరకు. ఈ గడువులో భర్త మనసు మార్చుకుంటే కొత్త నికాహ్ లేకుండానే భార్యను తిరిగి చేర్చుకోవచ్చు. అందుకే దీన్ని రజయీ అంటారు. గడువు దాటితే అది బాయిన్ అవుతుంది. బంధం తెగినట్టే గానీ, ఇద్దరూ ఇష్టపడితే కొత్త మహర్‌తో మళ్లీ నికాహ్ చేసుకోవచ్చు. మూడో తలాఖ్ కూడా పడితే ముగల్లజా. ఇక ఆ దారి కూడా ఉండదు. ఆమె మరొకరిని పెళ్లాడి, ఆ కాపురం సహజంగా ముగిస్తే తప్ప మొదటి భర్తకు హలాల్ కాదు. మన పెద్దల్లో చాలామంది బాయిన్‌నూ ముగల్లజానూ ఒకటిగా కలిపేస్తుంటారు. కలిసి బతకదలచిన జంటలు అందువల్ల అనవసరంగా విడిపోతాయి.

ఒకే ఊపులో మూడుసార్లు చెప్పే తలాఖె బిద్దత్‌ను 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2019 చట్టం దానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది. జైలు మాట అందరికీ తెలిసిందే. ఆ తలాఖ్ చెల్లదు కనుక చట్టం దృష్టిలో ఆమె ఇంకా భార్యేనన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. తనకూ, తన మీద ఆధారపడిన పిల్లలకూ భరణం అడిగే హక్కు ఆ చట్టంలోనే ఉంది.

ఖులా భార్య కోరేది. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి, భర్త గుణంలో, ధర్మంలో లోపమేమీ లేదనీ, అయినా ఆయనతో ఇమడలేననీ చెప్పుకున్నారు. మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇస్తావా అని ప్రవక్త అడిగితే సరేనన్నారు. అంతటితో విడుదల లభించింది. ఆమెను ఎవరూ నిలదీయలేదు, సాక్ష్యాలు అడగలేదు. ఈ రోజు మన మొహల్లాల్లో ఖులా అడిగిన ఆడపిల్లను ఏళ్లతరబడి తిప్పడం చూస్తున్నాం. ఖులాకు భర్త అంగీకారం తప్పనిసరి కాదని, ముఫ్తీ ఇచ్చే పత్రం సలహా మాత్రమేనని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తీర్పునిచ్చింది. ఇద్దరూ కలిసి విడిపోదామనుకుంటే అది ముబారాత్.

అసలు చిక్కంతా ఇక్కడుంది. భర్త రెండేళ్లుగా పోషించకపోయినా, నాలుగేళ్లుగా ఆచూకీ లేకపోయినా, హింసించినా 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద ఆమె కోర్టుకు వెళ్లవచ్చు. అలా వచ్చే రద్దు ఫస్ఖ్. దానివల్ల మహర్ హక్కు పోదని ఆ చట్టం 5వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఖులాలో అయితే మామూలుగా మహర్ వదులుకోవాలి. తప్పు భర్తదే అయినా, త్వరగా తేలిపోతుందని ఖులా కాగితం మీద సంతకం పెట్టిస్తే ఆమె సొమ్ము ఆమె చేతులారా పోగొట్టుకున్నట్టే. పంచాయితీలో కూర్చునే మనవాళ్లు ముందుగా అడగవలసింది ఇదే.

నికాహ్‌నామా చదివేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. వెంటనే చెల్లించే మహర్‌నూ, తర్వాత చెల్లించే మహర్‌నూ తెలుగులో రాస్తే రెండూ ముఅజ్జల్ అనే వస్తాయి. ఉర్దూలో మొదటిదానికి ఐన్ అక్షరం, రెండోదానికి హంజా. తెలుగు ప్రతి మాత్రమే ఉంటే ఏది ఎంతో తెలియదు. ఖాజీ దగ్గరి ఉర్దూ ప్రతి తెప్పించి, అంకెలు చూసి, బాకీ ఎంతో రాసిపెట్టుకున్నాకే రాజీ మాటలు మొదలుపెట్టాలి.