మనదే ఊరు?

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు రాగానే సామాను సర్దుతాం. కొత్త ఊళ్లో క్వార్టర్సు, బడి తప్ప ఏమీ చూడకుండానే మళ్లీ బదిలీ! మేము రెండు ఊళ్లను అలాగే పోగొట్టుకున్నాం. మూడోది ఖరగ్‌పూర్. అక్కడ సైకిళ్లు కొన్నాం.

ఆదివారం తెల్లవారగానే పెద్ద రోడ్డు వదిలి ఎర్రమట్టి బాట పట్టేవాళ్లం. వరిచేలు దాటితే సాలచెట్లు. ఇళ్ల ముందు ఆడవాళ్లు సాల ఆకులతో విస్తళ్లు కుడుతుండేవారు. హిజ్లీలో పాత నిర్బంధ శిబిరం చూశాం. 1931 సెప్టెంబరు 16న అక్కడ జరిగిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు విడిచారు. 1951లో దేశపు మొదటి ఐఐటీ తరగతులు ఆ భవనంలోనే మొదలయ్యాయి.

ఒకరోజు టైరు పంక్చరైంది. మా మాటలు విని, సైకిలు బాగుచేసే పెద్దాయన తెలుగులో అడిగాడు: "మనదే ఊరండీ?" వాళ్ల తాత రైల్వే పనికని శ్రీకాకుళం నుంచి వచ్చాడట. ఆయనకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు ఎవరడిగినా సైకిలు మీద తిరిగిన ఊళ్లన్నీ చెబుతాం.

పొలాల మధ్య బండిదారిని గుంటూరు వైపు 'డొంక' అంటారు. గోదావరి వైపు 'పుంత' అంటారు.

ఈ వారం పని: గాలి, బ్రేకులు చూసుకుని, ఇంట్లో చెప్పి, పెద్దవాళ్ల తోడుతో ఒక కొత్త బాటలో వెళ్లండి. అలాంటి దారిని అక్కడివాళ్లు ఏమంటారో అడిగి, ఐదు వాక్యాలు తెలుగులో రాయండి.