వజ్రకరూరు ఎండ, వేరుశనగ వేర్లలోని బ్యాక్టీరియా

వజ్రకరూరు అనగానే పరీక్షార్థులకు కింబర్‌లైట్, వజ్రాలు గుర్తొస్తాయి. అక్కడి ఎర్రనేలలో వేరుశనగ మొక్కను పీకి, వేరు బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అది లెగ్‌హిమోగ్లోబిన్. ఆ బుడిపెల్లో నత్రజనిని స్థాపించే బ్రాడీరైజోబియం ఉంటుంది. వానలు మొహం చాటేసి నేల కాగిపోతే, ఆ సూక్ష్మజీవిలోని ప్రోటీన్ల మడతలు విడిపోయే ప్రమాదం ఉంది.

ఇలాంటి వేడిని తట్టుకునే విధానం ఈ.కొలై అనే బ్యాక్టీరియాలో బాగా తెలిసింది. సాధారణ జన్యువులకు సిగ్మా-70 అనే ప్రోటీన్ పనిచేస్తే, ఉష్ణాఘాత (హీట్ షాక్) జన్యువులను సిగ్మా-32 తెరుస్తుంది. మామూలు ఉష్ణోగ్రతలో డీఎన్ఏ-కే, డీఎన్ఏ-జే అనే ప్రోటీన్లు సిగ్మా-32ను అదుపులో పెడతాయి, ఎఫ్‌టీఎస్‌హెచ్ అనే ఎంజైమ్ దాన్ని ఛేదిస్తుంది. వేడి పెరిగితే డీఎన్ఏ-కే పాడైన ప్రోటీన్లను సరిచేయడంలో మునిగిపోతుంది, సిగ్మా-32 విడుదలవుతుంది. దెబ్బతిన్న ప్రోటీన్లు తగ్గగానే మళ్లీ కట్టడి. ఎంత పొదుపైన ఏర్పాటో చూడండి! బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాలో మాత్రం హెచ్‌ఆర్‌సీఏ అనే నిరోధకం సిర్సీ అనే డీఎన్ఏ భాగాన్ని పట్టుకుని కొన్ని ఉష్ణాఘాత జన్యువులను మూసి ఉంచుతుంది.

మళ్లీ బ్రాడీరైజోబియం దగ్గరకు వద్దాం. సోయాచిక్కుడు బుడిపెల్లోని బ్రాడీరైజోబియంలో, ఉష్ణాఘాత జన్యువుల ఆర్ఎన్ఏలో ‘రోజ్’ అనే ఉష్ణమాపకం ఉంది. చల్లగా ఉన్నప్పుడు అది ముడుచుకుని రైబోజోమ్ అంటుకునే చోటును కప్పేస్తుంది, వేడికి విప్పుకుంటుంది.

పరీక్షలో తికమక పడకండి: సిగ్మా-32 జన్యువులను తెరిచేది అనులేఖన దశలో, ‘రోజ్’ పనిచేసేది అనువాద దశలో.