రింగు నీ చేత్తోనే వెయ్యి

విశాఖపట్నం

చి॥ అమ్మడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ అత్తకి మోకాలి నొప్పి అలాగే ఉంది, మాత్రలు అలాగే ఎగ్గొడుతోంది. నీ ఉత్తరం మీ అమ్మ ఫోన్లో చదివి వినిపించింది. మధ్యలో ఒకచోట గొంతు తగ్గించి దాటేసింది. ఆ దాటేసిన ముక్క మర్నాడు మీ పెద్దమ్మ చెప్పింది: పీహెచ్‌డీ మానేసి బోస్టన్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరతానన్నావట. నిజమో కాదో నువ్వే రాయాలి. మీ నాన్నకి ఆ కబురు చేదుగా ఏమీ లేదులే, ఆయన సంగతి నీకు తెలిసిందే.

మానుకుంటావో కొనసాగిస్తావో నీ ఇష్టం. కానీ నువ్వు సముద్రంలోకి దించే రోబో నిండా నీళ్ళు చేరిన వారంలోనే ఆ మాట తేల్చేయకు. నన్ను నిద్రపోనివ్వనిది అసలు నీ చదువు సంగతి కాదు, ఆ రోబో సంగతి. నాలుగు వేల మీటర్లకి లెక్కగట్టిన దాని గొట్టం రేవులో, రెండు నిలువుల లోతులో ఎలా కారిందో అర్థం కావడం లేదని రాశావు. నాకు అర్థమైంది తల్లీ. పది మీటర్లకి ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది కదా, నాలుగు వేల మీటర్ల కింద నీ గోరంత చోటు మీద నాలుగు క్వింటాళ్ళ బరువు. ఆ బరువే మూత చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగుని గాడి గోడకి నొక్కిపెట్టి నీళ్ళకి దారి లేకుండా చేస్తుంది. పైపైన ఆ సాయం ఉండదు. రబ్బరుకి తనకున్న బిగువు తప్ప దిక్కులేదు. ఒక్క వెంట్రుక అడ్డం పడితే చాలు. లోతులో నలిగిపోయిందంటే లెక్కని అనుమానించు, ఒడ్డునే కారిందంటే చేతిని అనుమానించు.

గొట్టం మూత, అదే ఎండ్ క్యాప్, ఎవరు బిగించారు? మీ అమ్మ చేత ఉత్తరం మళ్ళీ చదివించాను, ఆ మాట లేదు.

నేను పనిలో చేరిన కొత్తలో మా మేస్త్రి హైడ్రాలిక్ సిలిండర్ల దగ్గర కూర్చోబెట్టి నెలల తరబడి నాకు రింగులు తప్ప ఇంకేమీ ముట్టనివ్వలేదు. డిప్లొమా చదివొచ్చిన వాణ్ణి, నాకు చిన్నతనంగా ఉండేది. ఆయన చదివింది అయిదో తరగతి. రింగులు పౌడరు డబ్బాలో దాచుకునేవాడు, తాళం వేసి మరీ. కొత్త రింగైనా సరే వెలుతురుకి పట్టి, వేళ్ళమధ్య మెల్లగా వంచి చుట్టూ చూసేవాడు, బీటలున్నాయేమోనని. కళ్ళు మూసుకుని గాడి అంతా వేలికొసతో తడమమనేవాడు. కంటికి కనపడని గీత వేలికి తగిలేది. పాత రింగు తియ్యడానికి స్క్రూడ్రైవర్ పెడితే చెయ్యి మీద కొట్టేవాడు, గాడి గీసుకుపోతుందని. వెదురుపుల్ల చెక్కి ఇచ్చేవాడు. మేమంతా చేతులు తుడుచుకునే కాటన్ వేస్ట్ ఆ బల్ల దరిదాపులకి రాకూడదు, దాని పోగులు అంటుకుంటాయని. గ్రీజు సంగతి ఇంకా పెద్ద పాఠం. రింగు మెరిస్తే చాలు, అంతకు మించితే దుమ్ముని పిలిచినట్టే అనేవాడు. నీళ్ళు ఆపేది రబ్బరు నొక్కుడే గాని గ్రీజు కాదు. మీ వాళ్ళు వాడేది సిలికోన్ గ్రీజు అయితే రింగు కూడా సిలికోన్‌ది కాకుండా చూసుకో, ఉబ్బిపోతుంది.

మేస్త్రికి ఇంకో పిచ్చి ఉండేది. సిలిండరు మూసిన రోజు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, టీ కూడా తాగేవాడు కాదు, పరీక్ష అయ్యేదాకా. ఆయన పెళ్ళాం మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, మొహం చూసి తిరిగి తీసుకుపోయేది. సరే, అది వదిలెయ్.

1986 జనవరిలో చాలెంజర్ అంతరిక్ష నౌక కూలి ఏడుగురు పోయినప్పుడు నేను పేపర్లు దాచుకున్నాను. చలికి బిగుసుకుపోయిన ఓ-రింగే కారణమని తేలింది. భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ గారు విచారణలో అందరి ఎదుటా ఆ రబ్బరు ముక్కని మంచునీళ్ళలో ముంచి చూపించాడు. మీ సముద్రం అడుగున నీళ్ళు రెండు మూడు డిగ్రీల్లో ఉంటాయి. గదిలో మెత్తగా కూర్చున్న రింగు అక్కడ ఎలా ఉంటుందో, ఆ రోబో తయారుచేసిన వాళ్ళలో ఎవరైనా చూశారా? అడుగు.

చలి అంటే గుర్తొచ్చింది. మసాచుసెట్స్ చలికి ఊలు తొడుగులు వేసుకుంటున్నావు కదా, వేసుకో, కానీ ఆ నూగు రింగుకి అంటుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని పని మొదలుపెట్టు. ఇంకా నీ జుట్టు! మీ అమ్మమ్మ పోలిక, నడుం దాటింది. విరబోసుకుని గొట్టం మీదకి వంగావో, ఇక చెప్పక్కర్లేదు. జడ అల్లి ముడి పెట్టుకో. రోజూ అన్నం తింటున్నావా, ఆ బ్రెడ్డు ముక్కలతోనే సరిపెడుతున్నావా?

బ్రెడ్డు అంటే మీ ఊళ్ళోవాళ్ళ ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి కథ నీకు తెలిసే ఉంటుంది. ఎమ్‌ఐటీ, వుడ్స్ హోల్ కలిసి నడిపే మీ కోర్సు మొదలైన 1968లోనే, అక్టోబరులో, దించుతుండగా ఉక్కు తాళ్ళు తెగి ఆల్విన్ మునిగిపోయింది. మూత తెరిచే ఉండటంతో లోపలున్న ముగ్గురూ బయటపడ్డారు. అది పదిహేను వందల మీటర్ల లోతున పడి ఉంది. పది నెలలు దాటాక పైకి తీస్తే లోపల వదిలేసిన శాండ్‌విచ్‌లు నానిపోయాయే గాని కుళ్ళలేదు! ఆ చల్లని లోతులో సూక్ష్మజీవులు ఎంత నెమ్మదిగా పనిచేస్తాయన్న పరిశోధన ఆ తిండి పొట్లం నుంచే ఊపందుకుంది. ఆల్విన్‌ని బాగుచేసి మళ్ళీ దించారు, ఇప్పుడు ఆరున్నర వేల మీటర్లకి పోతోంది. 2014లో మీ వాళ్ళ రోబో నెరియస్ న్యూజిలాండ్ పైన కెర్మడెక్ అగాధంలో తొమ్మిదివేల తొమ్మిది వందల మీటర్ల దగ్గర పోయింది, తేలిన ముక్కలే దొరికాయి. దాన్ని కట్టినవాళ్ళలో కొందరు మీ క్యాంటీన్లోనే కాఫీ తాగుతూ ఉండొచ్చు. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చో. నీది రేవులో తడిసిన పెట్టె, అంతే.

1950ల్లో లాఫాండ్ గారు అమెరికా నుంచి వచ్చి మన ఆంధ్రా యూనివర్సిటీలో సముద్రం పాఠాలు చెప్పాడు. ఇప్పుడు నువ్వు ఆయన దేశంలో నేర్చుకుంటున్నావు. నేర్చుకున్నది ఎక్కడ ఖర్చుపెట్టాలన్న దిగులు కూడా అక్కర్లేదు. ముగ్గుర్ని ఆరువేల మీటర్లు దించడానికి చెన్నైలో మత్స్య 6000 కడుతున్నారు. అంత పెద్ద టైటానియం గోళానికి కూడా ఎక్కడో ఒకచోట మూత, మూతకి రింగు ఉండాల్సిందే. చిన్నప్పుడు కురుసురా జలాంతర్గామి చూడ్డానికి తీసుకెళ్ళినప్పుడు హ్యాచ్ మూతకి తల బొప్పి కట్టించుకుని, ఏడవకుండా ఆ మూత ఎలా మూస్తారని అడిగిన పిల్లవి నువ్వు.

ఈసారి బిగించాక లోపలి గాలి కొంత పంపుతో లాగి, గేజి మీద కన్నేసి కూర్చో. ముల్లు కదిలితే దించకు, ఓడ సిద్ధంగా ఉన్నా సరే, మీ ప్రొఫెసరు తొందరపెట్టినా సరే.

ఇంకొక్కటి, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. లోతులో నీళ్ళు దూరిన గొట్టం పైకొచ్చేసరికి లోపల ఒత్తిడి అలాగే ఉండిపోవచ్చు. లిథియం బ్యాటరీకి ఉప్పునీళ్ళు తగిలినా గ్యాసు పుడుతుంది. రిలీఫ్ వాల్వు ఉంటే ముందు దాన్ని వదులు చెయ్యి. మూత విప్పేటప్పుడు ఎదురుగా నిలబడకు, పక్కకి నిలబడు. ఎవరినీ ఎదురుగా నిలబడనివ్వకు.

జవాబు రాయి.

ఆశీస్సులతో
మామయ్య