పాత బుల్లెట్టు స్లోలో నిలువనపుడు

తెల్లవారుజామున పాల క్యానులు కట్టుకొని బయలుదేరిన బండి పాల కేంద్రము ముందు వరుసలో నిలిచినంతనే ఆగిపోవుచున్నచో, ఆ కష్టము బండి యజమాని ఒక్కనితో పోదు. వెనుక నిలిచినవారికి ఆలస్యము, వేసవి దినములలో నైనచో పాలు విరుగుట కూడ సంభవించును. కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు మేము వెళ్లినపుడు ఇట్టి బండి యొకటి మా కంటబడినది. అది ఇనుప ఇంజిను గల పాత 350 బుల్లెట్టు. రోడ్డుమీద పరుగులో దానికి ఏ లోపమును కనిపింపదు. రేసు తగ్గించిన వెంటనే రెండు మూడు మారులు తడబడి, సైలెన్సరులో ఒకమారు టప్పుమని, ఆగిపోవును. పాలు తెచ్చునతడు దిగులుతో, "బోరు పోయిందన్నారండీ. పిస్టను మార్పించాం, రింగులు వేయించాం. అయినా ఇంతేనండీ" అని చెప్పెను. అతడు ఆ పనికై గేదెమీద తెచ్చిన అప్పు ఇంకను తీరలేదు.

పంచాయతీ సభ్యులకు ఇంజిను పాఠమెందులకని కొందరు అడుగవచ్చును. గ్రామములో పాలు, మందులు, ఎరువులు మొదలగునవి మోయుట, రోగిని ఆస్పత్రికి చేర్చుట మొదలగు పనులలో పెక్కు నేటికిని పాత మోటారు సైకిళ్లమీదనే జరుగుచున్నవి. యజమానికిని మెకానిక్కునకును తగవు వచ్చినపుడు అది పెద్దల యెదుటికే వచ్చును. ఇంజిను విప్పక పూర్వము చూడదగినవి ఏవి, వానిని ఏ వరుసలో చూడవలెను అను సంగతి తెలిసియున్నవారు ఆ తగవులో సరియైన ప్రశ్న వేయగలరు.

బుల్లెట్టు మనదేశమున 1955లో మద్రాసులో తయారగుటకు ఆరంభమైనది. 346 ఘన సెంటీమీటర్ల సిలిండరు దానికి ఒక్కటే. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజిను గనుక రెండు చుట్లకు ఒకమారు మాత్రమే నిప్పు అంటుకొనును. స్లోలో నిమిషమునకు 1000 చుట్లు తిరుగుచున్నదనుకొన్నచో, ఆ నిమిషములో పేలుళ్లు 500 మాత్రమే, అనగా సెకనుకు ఎనిమిది. పేలుడునకును పేలుడునకును నడుమ ఇంజినును ఈడ్చుకొనిపోవునది బరువైన ఫ్లైవీలు. కారులో ఒక సిలిండరు తప్పినను తక్కిన మూడును ఆదుకొనును. ఇక్కడ ఆదుకొనువారు లేరు. పైగా, రేసు మూసినపుడు పెట్రోలు పెద్ద జెట్టునుండి రాదు. సూదిమొన పాటి రంధ్రముగల పైలట్ జెట్టునుండి మాత్రమే వచ్చును. ఆ రంధ్రమున చిన్న నలుసు పడినను, ఎక్కడనో కొంచెము దొంగగాలి లోనికి వచ్చినను, పరుగులో అది తెలియదు. స్లోలో మాత్రము బయటపడును. కావున పొగ లేక, కట్ట ఎక్కునపుడు బలము తగ్గక, కేవలము స్లోలో మాత్రమే తడబడు బండిలో బోరుపై అనుమానము అన్నిటికంటె చివర రావలెను.

ముందుగా రోగమేదో, అలవాటేదో వేరుచేయవలెను. బుల్లెట్టు సహజముగనే బరువుగా, విడివిడిగా మ్రోగును. ఆ శబ్దము మరింత వినబడుటకై స్లోను మరీ తగ్గించి నడుపు వేడుక మన యువకులలో కొందరికి కలదు. ఆ వేడుకలో ఆయిలు పంపు నెమ్మదించును, బ్యాటరీకి చార్జి అందదు. అట్టి బండిని తెచ్చి స్లోలో నిలుచుట లేదన్నచో చేయవలసిన చికిత్స ఒక్క స్క్రూను కొంచెము బిగించుటయే.

పరీక్ష ఎప్పుడును వేడియెక్కిన ఇంజినుమీదనే చేయవలెను. మూడు నాలుగు మైళ్లు నడిపి తెచ్చి, చోకు తీసియున్నదో లేదో చూడవలెను. చోకు పూర్తిగా తీయుట మరచి, పెట్రోలు ఎక్కువై ప్లగ్గు మసిబారినదని తెలియక షెడ్డుకు తెచ్చిన బండ్లను మేము చూచితిమి. పిదప బండిని నిలిపి, స్లోలో నుండగా హాండిలును ఎడమకును కుడికిని పూర్తిగా త్రిప్పి చూడవలెను. త్రిప్పినపుడు వేగము మారినచో రేసు కేబులు బిగుతుగా నున్నదని అర్థము. దానిని సడలించక కార్బురేటరును ముట్టుట వ్యర్థము.

తరువాత పెట్రోలు. కార్బురేటరు అడుగుగిన్నెను విప్పి, అందులోని పెట్రోలును శుభ్రమైన గాజు గ్లాసులో పోసి వెలుతురున చూచినచో, అడుగున నీటిబొట్లు, తుప్పు, ఇసుక ఉన్నవో లేవో కంటికే తెలియును. ఈ పరీక్షకు నేడు పూర్వముకంటె ప్రాధాన్యము పెరిగినది. నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకము మనదేశములో 2023 ఫిబ్రవరిలో ఆరంభమై, 2025 నాటికి దాదాపు అంతటను వ్యాపించినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. తేమ ఒక మితి దాటిన పిదప అవి రెండును కలిసి పెట్రోలునుండి వేరుపడి అడుగునకు దిగును. నెలలకొలది కదలక నిలిచిన బండి ట్యాంకులో ఇది మరింత జరుగును. పాతకాలపు రబ్బరు భాగములు కొన్ని దానివలన మెత్తబడి ఉబ్బును. పైలట్ జెట్టును శుభ్రపరచునపుడు తీగను దూర్చరాదు. ఇత్తడి మెత్తనిది గనుక రంధ్రము పెద్దదై, ఆ జెట్టు మరి పనికిరాదు. సైకిలు పంపుతో గాలి కొట్టుట చాలును.

కిరాణా కొట్టులలో సీసాలలో అమ్ము పెట్రోలును గురించి ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. అది ఎన్నాళ్లనాటిదో, అందేమి కలిసినదో ఎవ్వరికిని తెలియదు. ఇండ్లమధ్య నిప్పునకు అది ఎంత సమీపమున నున్నదో మాత్రము అందరికిని తెలియును. ఈ అమ్మకమును మాన్పించుట పంచాయతీ చేతిలోని పని.

ఇక మేము చెప్పిన పాలబండి సంగతి. దాని పెట్రోలు శుభ్రముగ నున్నది. ఐనను స్లో ఒకమారు పెరిగి, ఒకమారు తగ్గి, ఊయలవలె ఊగుచుండెను. ఇంజిను వేడెక్కినకొలది ఆ ఊపు హెచ్చినది. రేసు మూసినపుడు సైలెన్సరులో టప్పుమనుట మరియొక గుర్తు. ఈ లక్షణములు పెట్రోలునకు తగినదానికంటె ఎక్కువ గాలి చేరుచున్నదని సూచించును. గాలి వడపోత పెట్టెద్వారా రావలసిన గాలి వేరొక సందునుండి వచ్చుచున్నది. ఆ సందును కనుగొనుటకు సులభమైన ఉపాయము కలదు. బండి స్లోలో నుండగా, కార్బురేటరు సిలిండరు హెడ్డునకు అతుకు చోట చిన్న కుంచెతో ఇంజిను ఆయిలును కొద్దికొద్దిగా పూయవలెను. ఆయిలు సందును మూసిన క్షణమున ఇంజిను ధ్వని మారును. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుదురు. వేడి ఇంజినుమీద పెట్రోలు చల్లుట ప్రాణాపాయము, ఎవ్వరును చేయరాదు.

కుంచె క్రింది నట్టు దగ్గరకు వచ్చినపుడు పాలబండి ఊపు నిలిచినది. ఆయిలు లోనికి పీల్చబడిన పిదప మరల ఆరంభమైనది. విప్పి చూడగా, కార్బురేటరు అతుకుముఖము నడుమ వంగియున్నది. దానికిని హెడ్డునకును మధ్య ఉండవలసిన రబ్బరు వలయము అప్పడమువలె అణగిపోయినది. ఈ బండ్లలో తరచు వచ్చు లోపమిది. కార్బురేటరు మెత్తని మిశ్రలోహముతో పోతపోసినది. రెండు నట్లను బలముకొలది బిగించినచో అతుకుముఖము వంగును. గాలి పోవుచున్నదని మరింత బిగించిన కొలది మరింత వంగును. ఇక్కడ బిగించినవానిని తప్పుపట్టుట తేలిక. వదులుగా ఉన్నదానిని బిగించుట ఎవనికైనను తోచు పనియే గదా!

దీనికి చికిత్స స్వల్పము. చదునైన దళసరి గాజుపలకమీద సన్నని ఉప్పుకాగితము పరచి, కొంచెము ఆయిలు వేసి, ఆ ముఖమును గుండ్రముగ త్రిప్పుచు అంతటను ఒకే మెరుపు వచ్చువరకు నూరవలెను. తరువాత లోపల పొడి మిగులకుండ కడిగి, కొత్త వలయము వేసి, రెండు నట్లను మార్చిమార్చి, కొద్దికొద్దిగా బిగించవలెను.

గాలి సందు లేదని తేలినపుడు నిప్పు సంగతి చూడవలెను. పాత బుల్లెట్టులో నిప్పు పుట్టుట బ్యాటరీ, కాయిలు, పాయింట్లు అను మూడింటిపై ఆధారపడియున్నది. బ్యాటరీ నీరసించినచో పరుగులో చార్జి అందును గనుక బండి నడచును, స్లోలో మాత్రము నిప్పు పలుచబడును. హెడ్‌లైటు వెలిగించిన వెంటనే తడబాటు హెచ్చినచో బ్యాటరీని, దాని తీగల కొసలను ముందు చూడవలెను. పాయింట్లు పూర్తిగ తెరచుకొన్నపుడు వాని నడుమ 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల ఎడము ఉండవలెను. ముఖములు నల్లబడి, గుంటలు పడి, అవి తెరచుకొనునపుడు పెద్ద నిప్పురవ్వలు కనబడుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను. పాయింట్ల పలక వెనుక రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు గలవు. వేగము పెరిగినకొలది నిప్పును ముందుకు జరుపుట వాని పని. అవి తుప్పుపట్టి ముందుకు జరిగిన చోటనే చిక్కుకొన్నచో స్లోలో నిప్పు వేళకు ముందే వచ్చును. అట్టి బండి తడబడుటయే కాక, కిక్కు కొట్టినపుడు ఎదురు తన్ని కాలికి దెబ్బ తగిలించును. ప్లగ్గు విషయమున వాదన అనవసరము. మంచిదని తెలిసిన మరియొక ప్లగ్గును వేసి చూచిన చాలును. హీరో హోండా స్ప్లెండరువంటి 100 సి.సి. బండ్లలో పాయింట్లు లేవు, ఎలక్ట్రానిక్ పెట్టె కలదు. తక్కిన పరీక్షలు వానికిని వర్తించును.

టాపెట్లను చల్లని ఇంజినుమీదనే చూడవలెను. పిస్టను పైకి వచ్చి, వాల్వులు రెండును మూసియున్నపుడు కుడిప్రక్క మూత తీసి, పుష్‌రాడ్డును వ్రేళ్లతో త్రిప్పవలెను. అది సులువుగ తిరుగవలెను గాని, పైకి క్రిందకు ఆడరాదు. తిరుగుటకు బిగుతైనచో వాల్వు పూర్తిగ మూసికొనక, వేడిలో స్లో చెడును.

కార్బురేటరు స్క్రూలను త్రిప్పుట వీని అన్నిటి తరువాత. మన షెడ్డులలో ఇది మొదటి పని యగుచున్నది. అందువలననే అసలు లోపము మరుగున పడుచున్నది. స్క్రూలు రెండు: ఒకటి రేసు పిస్టనును నిలిపి స్లో వేగమును నిర్ణయించునది, గాలి వచ్చు వైపున ఉన్న చిన్నది గాలి స్క్రూ. గాలి స్క్రూను మెల్లగా పూర్తిగ లోనికి త్రిప్పి (బిగించరాదు), అచ్చటినుండి ఒకటిన్నర చుట్టు బయటకు తీయవలెను. ఇంజిను వేడియైన పిదప స్లోను కొంచెము పెంచి, గాలి స్క్రూను పావుచుట్టు చొప్పున ఇటు అటు త్రిప్పుచు, వేగము అన్నిటికంటె హెచ్చుగ, ధ్వని సమముగ ఉన్నచోట నిలుపవలెను. తరువాత వేగపు స్క్రూతో స్లో తగ్గించి, మరియొకమారు సరిచూడవలెను. ఇథనాలు కలిసిన పెట్రోలునకు ఈ స్థానము పూర్వముకంటె కొంచెము లోపలకు రావచ్చును. గాలి స్క్రూను ఎంత త్రిప్పినను ఇంజినులో మార్పు లేనిచో, పైలట్ జెట్టు మూసికొనిపోయినదనియో, దొంగగాలి ఇంకను వచ్చుచున్నదనియో గ్రహించి వెనుకకు పోవలెను. ఒకమారు ఒక్కదానినే మార్చి ఫలితము చూడవలెను. రెండింటిని ఒకేసారి మార్చినచో ఏది పనిచేసినదో ఎన్నటికిని తెలియదు. ఈ పరీక్షలన్నియు ఆరుబయట చేయవలెను. మూసిన పాకలో నడచు ఇంజిను విడుచు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, మనుష్యుని ప్రాణము తీయు శక్తి మాత్రము కలదు.

ఇవన్నియు చూచిన పిదపను స్లో నిలువక, నీలిపొగ వచ్చుచు, కిక్కు తేలికగ దిగిపోవుచున్నచో, అప్పుడు బోరు మాట ఎత్తవచ్చును. రేసు పిస్టను అరిగి కార్బురేటరులో గడగడలాడుచున్నచో ఆ కార్బురేటరును మార్చుటయే మేలు.

పాలబండిని ఆ సాయంకాలము గాజుపలకమీద నూరి అమర్చితిమి. గాలి స్క్రూ ఒకటింపావు చుట్టు దగ్గర నిలిచినది. ఆ లెక్కయు, తారీఖును ఒక చీటీమీద వ్రాసి పనిముట్ల పెట్టె మూతకు లోపలివైపున అతికించితిమి. పాలు తెచ్చునతడు బండిని చావిడి ముందు నిలిపి, చుట్ట ఒకటి కాల్చుకొనునంత సేపు దూరమునుండి వినుచు కూర్చుండెను. అది ఆగలేదు. "మరి ఆ రింగుల డబ్బు సంగతేమిటండీ?" అని పిదప అడిగెను. పాత రింగులను మెకానిక్కు అతనికి తిరిగి ఇచ్చియుండలేదు. అరిగినవో లేవో ఇప్పుడు తేల్చుటకు వేరు సాక్ష్యము లేదు. విప్పిన భాగములను యజమానికి అప్పగించి చూపవలెనని ఆ గ్రామపు షెడ్డువారితో పంచాయతీ సభ్యులు మరుసటి దినము మాటలాడిరి.